కుయ్‌మనే సర్క్యూట్లకూ బడిలో చోటుండాలి

ఎల్‌ఎం 386 అనే చిన్న ఆంప్లిఫయర్ చిప్పుకు ఎనిమిది కాళ్లుంటాయి. ఒకటో కాలికీ ఎనిమిదో కాలికీ మధ్య 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ కలిపితే దాని గెయిన్, అంటే సంకేతాన్ని పెంచే రెట్లు, 20 నుంచి 200కు పెరుగుతుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే ఇలాంటి చిప్పు, శనగబద్దంత మైకు, అరచేతిలో పట్టే స్పీకరు ఒకే పూటలో సమకూరతాయి. ఎనామిల్ పూసిన రాగితీగ కోసం అంతదూరం పోనక్కర్లేదు. మోటారు వైండింగ్ షాపులో తూచి ఇస్తారు. ఈ కాసిని సామాన్లతో కుర్రాళ్లు ఇంట్లో చేసే పని పెద్దవాళ్లకు అల్లరిగానే కనిపిస్తుంది. స్పీకరు ముందు మైకు పెట్టి కుయ్‌మనిపిస్తారు, తీగచుట్టను చార్జర్ దగ్గరికి తెచ్చి గుర్రుమనిపిస్తారు. వెంటనే కట్టెయ్యమని కేకలు పడతాయి. కట్టెయ్యమనడమే తప్పు. ఆ కూతలో పిల్లలకు అందే భౌతికశాస్త్రం పాఠ్యపుస్తకంలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటే అందేది కాదు.

మైకు విన్నదాన్ని ఆంప్లిఫయర్ పెంచి స్పీకరుకు ఇస్తుంది. స్పీకరు పలికినదాన్ని మైకు మళ్లీ వింటుంది. ఒక చుట్టు తిరిగొచ్చిన అల, బలం తగ్గకుండా, బయల్దేరిన అలతో పాదం కలిపిందంటే ఇక కూత ఆగదు. మీటరు దూరం దాటడానికి శబ్దానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. కాబట్టి మైకు మీటరు దూరంలో ఉంటే, కూయడానికి వీలున్న స్వరాలు సుమారు 340 హెర్ట్జ్ ఎడంతో వరసగా ఉంటాయి. దూరం సగమైతే ఎడం రెట్టింపు. మైకు పట్టుకున్న చెయ్యి జరిపేకొద్దీ స్వరం జారడం, ఉన్నట్టుండి మరో స్వరానికి దూకడం అందువల్లే.

తీగచుట్టలతో చేస్తే ఇంకా బాగుంటుంది. ఒక చుట్టను ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌కూ, మరోదాన్ని అవుట్‌పుట్‌లో స్పీకరుతో సిరీస్‌లోనూ కలిపి రెండూ దగ్గరకు చేరిస్తే కూత మొదలవుతుంది. ఒక చుట్ట కొసలు తారుమారు చేస్తే చాలావరకు ఆగిపోతుంది. కానీ మైకు ఎదురుగా ఉన్న స్పీకరు తీగలు తారుమారు చేసి చూస్తే కూత ఆగదు, స్వరం మారుతుందంతే. గాలిలో ప్రయాణానికి సమయం పడుతుంది గనుక శబ్దం తనకు కుదిరే మరో స్వరాన్ని పట్టుకుంటుంది. చుట్టల మధ్య అంత జాప్యం లేదు. ఫేజ్ అంటే, అలలు పాదం కలపడమంటే, ఏమిటో ఒకసారి ఇలా చేత్తో తెలుసుకున్న పిల్ల దాన్ని జీవితంలో మరిచిపోదు.

రేడియో యుగం ఇలాంటి ఇంటి ప్రయోగం నుంచే ఊపందుకుంది. 1912లో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న కుర్రాడు. న్యూయార్క్ పక్కన యోంకర్స్‌లోని ఇంటి అటక మీద అతని ప్రయోగశాల. లీ డి ఫారెస్ట్ 1906లో తయారుచేసిన ఆడియాన్ వాల్వు నుంచి బయటికొచ్చే సంకేతంలో కొంత భాగాన్ని తీగచుట్ట ద్వారా మళ్లీ ఆ వాల్వుకే తిప్పి ఇచ్చాడు. చెవులు రిక్కిస్తే గాని వినబడని దూరపు స్టేషన్లు గట్టిగా వినిపించాయి. ఇంకాస్త ఎక్కువ తిప్పితే వాల్వే స్వయంగా రేడియో తరంగాలను పుట్టించింది. 1913 జనవరి 31న అతను ఆ సర్క్యూట్ బొమ్మను నోటరీ చేయించాడు. ఆ సర్క్యూట్ ఎవరిదని డి ఫారెస్ట్‌తో ఏళ్లతరబడి నడిచిన వ్యాజ్యంలో 1934లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఆర్మ్‌స్ట్రాంగ్‌కు వ్యతిరేకంగా వచ్చింది. రేడియో ఇంజినీర్ల సంస్థ తనకిచ్చిన పతకాన్ని తిరిగి ఇచ్చెయ్యడానికి అతను వెళ్తే, ఇంజినీర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టి వద్దన్నారు. ఆ సర్క్యూట్ ఎవరి చేతిలో ప్రాణం పోసుకుందో వాళ్లకు తెలుసు.

సంగీతకారులూ ఈ కూతను వదల్లేదు. స్టీవ్ రైష్ 1968లో రాసిన ‘పెండ్యులమ్ మ్యూజిక్’లో స్పీకర్ల మీదుగా మైకులను లోలకాల్లా ఊగనిచ్చి వదిలేస్తారు, ఆ కూతలే సంగీతం. గిటారిస్టులు వాడే ఈబోలో ఒక చుట్ట తీగ కంపనాన్ని గ్రహిస్తే మరో చుట్ట దాన్నే ముందుకు నెడుతుంది, స్వరం తెగకుండా సాగుతుంది. మైకు కూతతో రచనలు చేసిన డేవిడ్ ట్యూడర్ 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు వచ్చి మూగ్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటు చేశాడు. గీతా సారాభాయ్ వంటివారు అక్కడ పనిచేశారు. కాబట్టి ఈ దారి మన దేశానికి కొత్త కాదు.

ఇక కలవరపెట్టే సంగతి. తీగచుట్టల ప్రయోగాలను వెతుక్కుంటూ వెళ్లిన పిల్లలకు యూట్యూబ్‌లో ముందుగా ఎదురయ్యేవి ‘కరెంటు లేకుండా బల్బు’ వీడియోలు. జూల్ థీఫ్ అనే సర్క్యూట్ ఉంది: ఫెర్రైట్ రింగుపై రెండు చుట్టలు, ఒక ట్రాన్సిస్టర్, ఒక రెసిస్టర్. పనైపోయిందని పారేసిన 1.5 వోల్టుల సెల్లుతో, సుమారు 3 వోల్టులు కావలసిన తెల్ల ఎల్ఈడీని వెలిగిస్తుంది. అద్భుతమైన ప్రయోగమే. కానీ శక్తి ఆ సెల్లు అడుగున మిగిలినదే, ఊరికే పుట్టింది కాదు. వేగంగా ఆగి సాగే కరెంటును చవక మల్టీమీటరు సరిగా చదవలేదు. ఇచ్చినదానికంటే ఎక్కువ వచ్చిందన్న భ్రమ చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. ఈ మాట పిల్లలకు చెప్పే పెద్ద మనిషి పక్కన లేకపోతే, ప్రయోగం మూఢనమ్మకంగా మారుతుంది.

అందుకే ఈ పని బడిలో జరగాలి. అటల్ టింకరింగ్ ల్యాబులు దేశంలో ఇప్పటికే 10 వేలకు పైగా పాఠశాలల్లో ఉన్నాయి. మరో 50 వేలు ప్రభుత్వ బడుల్లో ఐదేళ్లలో పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. ఒక్కో ల్యాబుకు 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు వస్తుంది. రోబో కిట్లు, త్రీడీ ప్రింటర్లు కొనడాన్ని ఎవరూ కాదనరు. తయారుగా వచ్చిన మాడ్యూళ్లను ప్లగ్గులతో కలిపితే పని నడుస్తుంది గాని, ఎందుకు నడిచిందో తెలియదు. ఒక మూల బల్ల మీద ఆంప్లిఫయర్ చిప్పులు, మైకులు, రాగితీగ, ఒక ఆసిలోస్కోప్ ఉంచితే అయ్యే ఖర్చు ఆ గ్రాంటులో చాలా చిన్న వంతే.

నియమాలు కొన్ని తప్పవు. బ్యాటరీ తప్ప 230 వోల్టుల ప్లగ్గు జోలికి పోకూడదు. కూత పెట్టించేటప్పుడు చెవికి హెడ్‌ఫోన్లు ఉండకూడదు. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చని చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ, 90కి చేరితే నాలుగు గంటలే అంటుంది. రేడియో తరంగాలు పుట్టించే సర్క్యూట్లకు లైసెన్సు కావాలి, వాటిని హామ్ (అమెచ్యూర్ రేడియో) పరీక్ష రాశాక చూసుకోవచ్చు.

నేర్పేవాళ్లు లేరనే సాకు చెల్లదు. పెళ్లికీ జాతరకూ మైకు సెట్టు పెట్టే మనిషి దాదాపు ప్రతి ఊళ్లో ఉన్నాడు. హాలు ఏ స్వరం దగ్గర కూస్తుందో చెవితో పట్టి, ఈక్వలైజర్‌లో ఆ ఒక్క మీటనే కిందికి లాగుతాడు. బెల్ ల్యాబ్స్‌లో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1960ల్లో ఇదే సమస్యకు వేరే మందు కనిపెట్టాడు: తిరిగొచ్చే శబ్దాన్ని కొద్ది హెర్ట్జ్ పక్కకు జరిపితే అల పేరుకోదు. ఆ సౌండ్ మనిషిని ఒక పూట బడికి పిలిచి, తగిన గౌరవవేతనమిచ్చి, సైన్సు టీచరు పక్కన నిలబెట్టాలి. ఆయన కూత ఎలా ఆపుతాడో చూపిస్తే, అదెందుకు ఆగిందో పిల్లలు టీచరుతో కలిసి బల్ల మీద కొలిచి నోటుపుస్తకంలో రాసుకుంటారు.