ఆ ఒక్క రాత్రికి ముందు పదిహేనేళ్లు

2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు నేలకొరిగారు. ఆయనతోపాటు మరో పంతొమ్మిది మంది సైనికులు ప్రాణాలిచ్చారు. ఏటా ఈ తేదీన సూర్యాపేట కోర్టు చౌరస్తాలోని ఆయన విగ్రహానికి పూలదండలు వేస్తాం. వేయాల్సిందే. అయితే ఆ రాత్రి ఆయన ఎందుకలా నిలబడగలిగారో తెలియాలంటే అంతకుముందు పదిహేనేళ్ల కొలువును కూడా తలచుకోవాలి.

మన దేశంలో సైన్యంలో చేరి తీరాలని చట్టం ఎవరినీ నిర్బంధించదు. రెండో ప్రపంచ యుద్ధంలో పాతిక లక్షల మంది భారతీయులు పనిచేసినప్పుడూ నిర్బంధ భర్తీ లేదు. పశ్చిమ గోదావరిలోని మిలటరీ మాధవరంలో తరతరాలుగా ఫౌజీలున్న ఇళ్లు ఎన్నో. మన తెలంగాణ మెట్టసీమకు ఆ ఆనవాయితీ లేదు. నల్లగొండ అంటే సాయుధ పోరాటం, పాలమూరు అంటే వలస. నాలుగు అక్షరాలు నేర్చిన ఇంట్లో పిల్లవాడిని ఇంజినీరునో డాక్టరునో చేయాలనుకోవడమే ఇక్కడి రివాజు. సంతోష్ తండ్రి బ్యాంకు ఉద్యోగి. సైన్యంలో చేరాలన్న తన కోరిక తీరకపోవడంతో దాన్ని కొడుకులో చూసుకోవాలనుకున్నారు. అలా 1983లో పుట్టిన ఆ పిల్లవాడు ఆరో తరగతికే ఇల్లు విడిచి విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూలుకు వెళ్లాడు. అక్కణ్నుంచి ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ), ఆ తర్వాత డెహ్రాడూన్‌లోని మిలిటరీ అకాడమీ. 2004 డిసెంబరులో 16 బిహార్ బెటాలియన్‌లో అధికారి అయ్యారు.

జమ్మూ కశ్మీర్‌లో పనిచేశారు. ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో భాగంగా కాంగో వెళ్లారు. వీటి గురించి పత్రికల్లో పెద్దగా ఏమీ రాలేదు, సైనికుడి రోజువారీ పని వార్త కాదు గనుక. బిహార్, జార్ఖండ్, ఒడిశా పల్లెల నుంచి వచ్చిన జవాన్లకు ఒక తెలుగువాడు నాయకుడు కావాలంటే వాళ్లతో కలిసి తిని, నడిచి, వాళ్ల ఇంటి కష్టసుఖాలు తెలుసుకుని నమ్మకం సంపాదించాలి. 2019 చివర ఆ బెటాలియన్ బాధ్యత మొత్తం ఆయన చేతికొచ్చింది. అప్పటికి ఆయనకు నలభై కూడా నిండలేదు.

2020 వేసవిలో తూర్పు లద్దాఖ్‌లో చైనా బలగాలు ముందుకొచ్చాయి. జూన్ 6న ఉభయ సైన్యాల ఉన్నతాధికారులు కూర్చుని వెనక్కి తగ్గాలని మాట్లాడుకున్నారు. గల్వాన్ లోయలోని గస్తీ స్థానం 14 దగ్గర మాత్రం చైనా శిబిరం కదల్లేదు. దాన్ని తేల్చుకోవడానికి కమాండింగ్ ఆఫీసరే స్వయంగా వెళ్లారు. కింది అధికారిని ఎవరినైనా పంపగలిగేవారే. తన మనుషుల్ని పంపేచోటికి ముందు తాను వెళ్లాలన్నది ఆయన ఎంచుకున్న పద్ధతి. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల తుపాకీ పేల్చరాదని 1996లో ఇరుదేశాలు రాసుకున్న ఒప్పందం ఒకటుంది. అందుకే దాదాపు పద్నాలుగు వేల అడుగుల ఎత్తున, చీకట్లో, గడ్డకట్టించే నది పక్కన, మేకులు దిగ్గొట్టిన కర్రలతో, రాళ్లతో మీద పడ్డవాళ్లను మనవాళ్లు చేతులతోనే ఎదుర్కొన్నారు. తీవ్రంగా గాయపడి కూడా ఆయన చివరి ఊపిరి దాకా ముందుండి నడిపించారని ప్రభుత్వ ప్రశంసాపత్రం చెబుతోంది. 1975లో తులుంగ్ లా కనుమ దగ్గర జరిగిన ఘటన తర్వాత ఆ సరిహద్దులో పోరులో భారత సైనికులు చనిపోవడం అదే మొదలు. తమవైపు నలుగురు చనిపోయారని ఒప్పుకోవడానికి చైనాకు 2021 ఫిబ్రవరి దాకా పట్టింది.

మనం సంతోష్ పేరు చెప్పినప్పుడల్లా నాయబ్ సుబేదార్ నుదురామ్ సోరెన్, హవల్దార్ పళని, సిపాయి గుర్తేజ్ సింగ్ పేర్లు కూడా చెప్పుకోవాలి. నాయక్ దీపక్ సింగ్ వైద్య సహాయకుడు. తానే గాయపడి, ముప్పై మందికి పైగా క్షతగాత్రులకు చికిత్స చేసి, ఆ తర్వాత కన్నుమూశాడు. ఒడిశా, తమిళనాడు, పంజాబ్, మధ్యప్రదేశ్ బిడ్డలు వీరు. నలుగురికీ మరణానంతరం వీర్ చక్ర ఇచ్చారు. సంతోష్ బాబుకు ప్రకటించిన మహావీర్ చక్ర కార్గిల్ తర్వాత ఆ స్థాయిలో ఇచ్చిన మొదటి పతకం.

కొవిడ్ ఆంక్షల మధ్య సూర్యాపేట దగ్గరి కేసారంలో అంత్యక్రియలు జరిగాయి. రాష్ట్రం ఆయన భార్యను డిప్యూటీ కలెక్టర్‌గా నియమించింది. ఇవి చేయాల్సినవే, చేశారు. మిగిలింది మన బళ్ల పని. సైనిక్ స్కూలు ప్రవేశ పరీక్ష ఎప్పుడు రాయాలో, ఇంటర్ తర్వాత ఎన్‌డీఏకు దారి ఏమిటో చెప్పేవాళ్లు ఉమ్మడి నల్లగొండ, పాలమూరు పల్లెల్లో బహుకొద్ది మంది. ఆడపిల్లలకు 2022 నుంచి ఎన్‌డీఏ తలుపులు తెరుచుకున్నాయి. అంతకు నాలుగేళ్ల ముందే, 2018లో, సైన్యంలోకి వెళ్లాలనుకునే అమ్మాయిల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు భువనగిరిలో డిగ్రీ కళాశాల ప్రారంభించాయి. కూలి ఇళ్ల పిల్లలు అందులో చేరారు. ఈ జూన్‌లో బడి తెరవగానే ఆరో తరగతి పిల్లల ముందు ఈ దారులన్నీ ఎవరైనా ఒక గంట కూర్చుని వివరిస్తే బాగుంటుంది.