రూపాయికి 8 పైసలు

తీర్థయాత్రకు బయల్దేరిన ఆడదాన్ని ఈ దేశంలో ఎవరూ ఏమీ అనరు. చీరల కోసం పోచంపల్లి పోతే అనరు. పెళ్ళిసంబంధం చూడ్డానికి మూడు బస్సులు మారి వెళితే ఇంకా మెచ్చుకుంటారు. కానీ ఏదో ఊళ్ళో పాత గ్రంథాలయం చూసొస్తానని చెప్పి చూడండి! ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర్నుంచి ఆటో అబ్బాయి దాకా అందరిదీ ఒకటే మాట: "అక్కడేమున్నది?"

మా పక్కింటి వదినైతే మరీను. "ఏం వదినె, మల్ల బూజుపట్టిన బుక్కుల కాడికేనా? మంచిగ వేములవాడ పోయిరారాదు, పుణ్యమన్న వస్తది" అంటుంది. ఆవిడ మంచిదే. ఈ విషయంలో మాత్రం ఆవిడతో నాకు రాజీ లేదు.

అక్కడేమున్నదో చెబుతాను, వినండి. కాస్త కోపంగానే చెబుతాను.

నాకీ పిచ్చి పట్టి చాలా ఏళ్ళయింది. ఎవరి స్వీయచరిత్రలోనో, ఏ పాత పత్రికలోనో ఫలానా ఊళ్ళో ఒక గ్రంథాలయం ఉండేదని ఒక ముక్క కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని ఆరా తీయడం. అది ఉందా, పేరు మారిందా, ఊళ్ళో ముసలివాళ్ళకు గుర్తుందా అని అడగడం. ఆ తర్వాత ఒక ఆదివారం కాని రోజు చూసి (ఆదివారాలు ఇంటివాళ్ళవి కదా) రైలెక్కడం. వెళ్ళాక నేను ముందు అడిగేది పుస్తకం కాదు, పుస్తకాల పద్దు రిజిస్టరు. ఏ పుస్తకం ఎప్పుడు వచ్చింది, ఎవరిచ్చారు అన్నీ అందులో ఉంటాయి. తర్వాత పుస్తకం మొదటి పేజీ మీద రబ్బరు ముద్ర. నిజాం రాజ్యంలో లెక్క ఫసలీ సంవత్సరాల్లో ఉండేది. ముద్రలో 1331 అని కనిపిస్తే భయపడకండి, దానికి 590 కలుపుకుంటే ఇంచుమించు మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఈ కూడికలో ఉన్న సంబరం బంగారు కొట్లో తూకం చూసేప్పుడు కూడా ఉండదంటే నమ్మండి.

మా వైపు ఈ కథకు మొదలు హైదరాబాదులోనే. 1901లో రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావుగారూ, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారూ దాని వెనక నిలబడ్డారు. ఈ లక్ష్మణరావుగారి అక్కగారే భండారు అచ్చమాంబ. బడికి వెళ్ళే యోగం లేక, తమ్ముడి సాయంతో ఇంట్లోనే అక్షరాలు నేర్చుకుని, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసి, ముప్పై ఏళ్ళ వయసులో 1905లో వెళ్ళిపోయిన మహాతల్లి. గ్రంథాలయం పెట్టినాయన పేరు నలుగురికీ తెలుసు. ఆయన తోబుట్టువు పేరు మనలో ఎందరికి తెలుసు?

మూడేళ్ళకు, 1904లో, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. జనగామ వాళ్ళకైనా మానుకోట వాళ్ళకైనా భూపాలపల్లి వైపు వాళ్ళకైనా చదువుకూ కచేరీ పనులకూ పోక తప్పని ఊరది. రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. 1921లో హైదరాబాదు వివేకవర్ధిని థియేటర్లో సంఘసంస్కార సభ జరిగితే, తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావుగారిని గోలచేసి మాట్లాడనివ్వలేదు. ఆ సభకు అధ్యక్షుడు ఎవరనుకున్నారు? ఆడవాళ్ళ చదువు కోసం బతుకంతా ధారపోసిన మహర్షి కార్వే! ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఊరూరా గ్రంథాలయాలు పెట్టాలన్నది దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. గస్తీ నిషాన్ 53 అనే హుకుం ఉండేది, అనుమతి లేకుండా సభ పెట్టడానికి లేదు. అలాంటి రోజుల్లో నలుగురు కూచుని తెలుగు పత్రిక చదువుకునే గది అంటే సామాన్యమైన విషయమా? దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామిగారైతే పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు.

ఇక మానుకోట. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. కేసముద్రంలో రైలు దిగి లోపలికి పోతే ఇనుగుర్తి. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే అన్నదమ్ములు 1922లో ఆ పల్లెలోంచి 'తెనుగు' అనే వారపత్రిక నడిపారు. హైదరాబాదులోంచి కాదు, హనుమకొండలోంచి కూడా కాదు. ఇనుగుర్తిలోంచి! ఆ సంవత్సరమే నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారి 'నీలగిరి' వచ్చింది. మన జనగామ ఆనాడు నల్లగొండ జిల్లాలోదే, వరంగల్లులో కలిసింది 1953లో. అంటే ఇటు మానుకోట తాలూకాలో ఒకటి, అటు జనగామకు సొంత జిల్లా పత్రిక ఒకటి. పత్రికలు వచ్చాయంటే చదివే గదులూ ఉండాలి, చదివి వినిపించేవాళ్ళూ ఉండాలి. ఇనుగుర్తి వెళ్ళినప్పుడు నాతో వచ్చిన మా చెల్లెలు బస్సులో నసుగుతూనే ఉంది, "ఇంత దూరం ఎందుకక్కా, గుడి గూడ లేదు" అని. వచ్చేప్పుడు మాత్రం, "ఇంత చిన్న ఊర్ల ప్రెస్సెట్ల పెట్టిన్రక్కా?" అని దారిపొడుగునా అదే అడిగింది. నాకది చాలు.

ఆడవాళ్ళ సంగతి అంటారా? 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు పక్కనే మహిళాసభ కూడా జరిగింది. నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షురాలు. ఊరు దాటి బయటికి రావడమే గగనమైన రోజుల్లో మన అమ్మమ్మలూ నానమ్మలూ వేదికెక్కి మాట్లాడారు. మరి వాళ్ళ మనవరాళ్ళం, డిగ్రీలూ పీజీలూ చేసినవాళ్ళం, ఊళ్ళో ఉన్న గ్రంథాలయం గుమ్మం ఎందుకు తొక్కం?

తొక్కితే ఏమవుతుందో కూడా చెబుతాను. ఒక ఊళ్ళో, పేరెందుకు లెండి, లోపలికి వెళ్ళాను. ముందు గదిలో పేపర్లు చదివే మగవాళ్ళు. వెనక గదిలో గ్రూపు పరీక్షలకు చదివే పిల్లలు, నేల మీద కూడా చాపలేసుకుని. రిజిస్టరు దగ్గరాయన తలెత్తి, "బాబు పేరేందమ్మా? ఏ పరీక్ష రాస్తున్నడు?" అన్నాడు.

"బాబు లేడు. నేనే చదువుకుందామని వచ్చాను."

ఆయన కాసేపు ఆలోచించి, ఎంతో దయగా, "వంటల పుస్తకాలు ఆ మూలకున్నయమ్మా" అన్నాడు.

ముప్పై ఐదేళ్ళుగా వంట చేస్తున్నాను నాయనా, పుస్తకం చూసి నేర్చుకునే దశ దాటిపోయింది అనబోయి ఊరుకున్నాను. ఆ మూలకు వెళితే కుర్చీ లేదు. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. గంట దాటి అక్కడ ఆడమనిషి ఎలా కూచుంటుందండీ? ఆడవాళ్ళు రారు కాబట్టి తాళం వేశామంటారు. తాళం వేశారు కాబట్టే రావట్లేదని మనమనాలి. అనేవాళ్ళేరీ?

పరీక్షలకు చదివే పిల్లల మీద నాకు కోపం లేదు. ఇంట్లో చోటు లేక, కోచింగుకు డబ్బు లేక వచ్చిన పిల్లలు వాళ్ళు. ఆడపిల్లలూ ఉన్నారు వాళ్ళలో. దీపంలా వెలగనీ. నా కోపమల్లా గ్రంథాలయమంటే వాళ్ళకు బల్లలూ, పెద్దమనుషులకు పేపర్లూ సర్దితే పని అయిపోయిందనుకునే ఆలోచన మీద. కథలు, నవలలు, చరిత్ర, పాత పత్రికల సంపుటాలు బీరువాలో పెట్టి తాళం వేసి, బీరువాకు వీపు ఆనించి బల్లలు వేస్తే, ఇక అది ఎవరి గ్రంథాలయం?

ఎవరిదో నన్నడిగితే చెబుతాను. నాదీ, మీదీ. ఇది ఊరికే ఆవేశంతో అంటున్న మాట కాదు. ఈసారి ఇంటిపన్ను రసీదు వచ్చినప్పుడు బీరువాలో పడెయ్యకుండా ఒక్కసారి చదవండి. అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక పద్దు ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు. రెండువేల పన్ను కట్టే ఇంటి నుంచి ఏడాదికి నూట అరవై రూపాయలు. మనం పుస్తకం ముట్టినా ముట్టకపోయినా అది కడుతున్నాం. పురపాలక సంఘాలూ పంచాయతీలూ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు అప్పగించాలి. చాలాచోట్ల అప్పగించకుండా ఏళ్ళ తరబడి బకాయి పెడుతున్నారు. పాలవాడు అర లీటరుకు వంద మిల్లీలీటర్లు తక్కువ పోస్తే వీధి వీధంతా లేస్తామే! మన పుస్తకాల డబ్బు ఎటు పోతోందని అడగడానికి ఒక్క మహిళా మండలి అయినా లేవదేం?

"అన్నీ ఫోన్లో ఉన్నాయి కదమ్మా" అంటాడు మా అబ్బాయి. ఉన్నాయిరా, కాదనను. నేనూ చూస్తాను. ఆ ఫోన్లోకి ఎక్కిన పాత తెలుగు పుస్తకం ఆకాశంలోంచి ఊడిపడిందా? ఏదో ఊళ్ళో ఎవరో పుణ్యాత్ముడు చెద పట్టకుండా ఒక ప్రతి కాపాడాడు గనక ఎక్కింది. ఇంకా ఎక్కనివి, ఇవాళ చెత్త కింద తూకానికి పోయేవి ఎన్నో. చిరిగిన పుస్తకాలు తీసెయ్యాల్సిందే, ప్రతి గ్రంథాలయంలోనూ జరిగే పనే. తీసేముందు ఏవి వేరే ఎక్కడా దొరకవో చూసే మనిషి ఉండాలి గదా. మనం అమ్మమ్మ ఇత్తడి గుండిగ అమ్మేముందు పదిసార్లు ఆలోచిస్తామా లేదా?

తీరికెక్కడిదంటారు. అది మాత్రం నిజం. 1935లో కృష్ణా కాలవ మీద పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య పడవలో గ్రంథాలయం నడిపారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్ళింది. తీరిక లేని మనకు ఆ మాత్రం మర్యాద ఇప్పుడెవరు చేస్తారు? మా జనగామకు కాలవ లేదు, పడవ అడగను. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా ఆడవాళ్ళకు ఒక గది, నాలుగు కుర్చీలు, తెరిచి ఉన్న మరుగుదొడ్డి అడుగుతాను. ఇంటిపని ఒక కొలిక్కి వచ్చేది ఆ వేళకే గదా.

"జనగామకూ మానుకోటకూ ఏదో చరిత్ర ఉంది, భూపాలపల్లిలో ఏముంది చూడ్డానికి?" అని కూడా అడిగారు నన్ను. గణపురం కోటగుళ్ళు ఉన్నాయి లెండి, నేనడిగేది వాటి గురించి కాదు. పరకాల మీదుగా బస్సులో వెళితే బొగ్గు గనుల వల్ల పెరిగిన ఊరు. 2016లో జిల్లా అయింది, ప్రొఫెసర్ జయశంకర్ గారి పేరు పెట్టుకున్నారు. అక్కడ వందేళ్ళ గ్రంథాలయం లేదు, నిజమే. హనుమకొండలో 1904లో పెట్టిన నాడు దానికి మాత్రం ఏ చరిత్ర ఉంది? ఆ పెట్టినవాళ్ళు పాత గ్రంథాలయం పెడదామని కూచోలేదు. గనిలో మగవాళ్ళు మూడు షిఫ్టులు చేసే ఊళ్ళో, పగలంతా ఆయన నిద్రపోతుంటే చప్పుడు చెయ్యకుండా ఇంట్లో మసిలే ఇల్లాలికి ఒక చదువుకునే గది ఎంత అవసరమో ఆ ఊరి ఆడవాళ్ళను అడిగితే తెలుస్తుంది. నేను అడిగాను. ఒకావిడ ఇంకా నయం, "గా గదిల ఫ్యాను ఉంటదా అక్కా?" అని ఎదురడిగింది.

ఉండాలనే అనుకుంటున్నాను. మా వీధిలో ఆరుగురం కలిసి ఒక కాగితం రాశాం. గది వేళల గురించి, మరుగుదొడ్డి తాళంచెవి గురించి, గత ఐదేళ్ళలో సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ అయిందన్న దాని గురించి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే ముప్పై రోజుల్లో జవాబివ్వాలట. పది రూపాయల రుసుం పక్కింటి వదినే కట్టింది.