చిన్న పట్టణములకు పెద్ద విమానములా?

2023వ సంవత్సరమున మన దేశపు విమాన కంపెనీలు రెండు లోకము నివ్వెరపోవునట్లు విమానములకు ఆర్డరులిచ్చినవి. ఎయిరిండియా 470, ఇండిగో 500. ఈ 970లో 150 ఆసనములకు లోబడిన చిన్న జెట్టు ఒక్కటియు లేదు. పలువురు దీనిని దూరదృష్టియని కొనియాడిరి. మేమట్లు తలంపజాలము.

పెద్ద విమానమున తలకుబడు ఖర్చు తక్కువయని వారి వాదము. నిజమే, విమానము నిండినప్పుడు మాత్రమే నిజము. 180 ఆసనములకు 110 మందియే యెక్కిరేని, మిగిలిన 70 ఆసనముల బరువును మోయుటకగు చమురు వెల నెవరిచ్చుకొందురు? ఆ నష్టమునకు వెఱచి కంపెనీ మొదట రాకపోకలు తగ్గించును, పిదప పట్టణమునే విడిచిపెట్టును. ఏ320 నియో 79 టన్నుల వరకు బరువుతో లేచునది. ఏ220-300 సుమారు 70 టన్నులు, ఎంబ్రాయర్ ఈ195-ఈ2 సుమారు 62 టన్నులు. దూరప్రయాణమునకు ఏ220 మేలు. గంట, రెండు గంటల మార్గములకు తేలికయైన ఎంబ్రాయరే చాలును.

ప్రయాణికుని సుఖమో? ఏ320లో వరుసకారుగురు, మువ్వురిలో నొకడు ఇరుప్రక్కలవారి మోచేతుల నడుమ నలుగవలయును. ఏ220లో అయిదుగురిలో నొకనికే యా పాట్లు. ఎంబ్రాయరులో నడిమి ఆసనమే లేదు.

ఈ రెంటికిని అమర్చు ప్రాట్ అండ్ విట్నీ యంత్రములు త్వరగా మరమ్మతునకు వచ్చుచున్నవని కొందరాక్షేపింతురు. ఆ కంపెనీ యంత్రములే గల ఏ320 నియోలు సయితము నేలనంటి యుండలేదా?

బెజవాడ ఎయిర్ కోస్టా గతి చూడుడని మరికొందరందురు. 2013లో ఎంబ్రాయరు విమానములతో బయలుదేరిన యా సంస్థ 2017లో నిలిచిపోయిన మాట నిజము. పట్టుమని పది విమానములు లేక, పెట్టుబడి చాలక, అద్దె తగవులలో చిక్కి యది యాగినది. వేరు రకము విమానమునకు వేరు పైలట్ల శిక్షణము, వేరు విడిభాగములు వలయును. ఆ భారము చిన్న సంస్థను క్రుంగదీయును. వందలకొలది విమానములు గల సంస్థకు అది భరింపరానిది కాదు.

ఉడాన్ పథకమును 2016లో ప్రకటించి ప్రభుత్వము చిన్న పట్టణముల మార్గములకు ప్రజాధనము నొసగినది. మహానగరముల నడుమ లాభము గడించు ప్రతి పెద్ద కంపెనీయు తన విమానములలో కొంత భాగము చిన్న జెట్లుగా నుంచవలయునని నిబంధన విధింపవలయును. కడప, కర్నూలు ప్రజలు విమానాశ్రయములను చూచి మురియుటకు గాదు పన్నులు కట్టుట, విమానమెక్కుటకు.