బల్ల దగ్గర కుర్చీ ఎవరిది?

పరీక్షల తేదీ మారుస్తూ యూనివర్సిటీ పెద్దలు ఓ తీర్మానం చేస్తారు. హాల్‌టిక్కెట్లు మళ్లీ సిద్ధం చేయాల్సింది పరీక్షల విభాగంలోని గుమస్తా. ల్యాబ్ తాళాలు తీయాల్సింది అటెండరు. సెలవు మానుకుని పేపర్లు దిద్దాల్సింది లెక్చరరు. 'ఇది కుదురుతుందా?' అని ఈ ముగ్గురినీ ఎవరైనా అడుగుతారా? అడిగినా, వాళ్ల మాటకు ఓటు విలువ ఉంటుందా? చాలా దేశాలు ఈ ప్రశ్నతో కుస్తీ పట్టాయి.

స్కాట్లండ్ సంగతే చూడండి. అక్కడి పాత విశ్వవిద్యాలయాలకు 1858 నాటి చట్టం 'కోర్టు' అనే సభను ఇచ్చింది. పేరుకి కోర్టే కానీ అక్కడ కేసులూ వాయిదాలూ ఉండవు, అది పాలక సభ. అందులో సెనేట్ తరఫున ఒక్కరికి చోటు. సెనేట్ అంటే అప్పట్లో ప్రిన్సిపాలూ, ప్రొఫెసర్లే. 1889లో ఇంకో చట్టం వచ్చింది. డబ్బు, ఆస్తుల నిర్వహణ కోర్టు చేతికి వెళ్లింది. సెనేట్ ప్రతినిధులు నలుగురయ్యారు. మరి గుమస్తాలు, ల్యాబ్ సిబ్బంది? వాళ్లకు చట్టంలో చోటు దొరకడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది. కొన్ని యూనివర్సిటీలు ముందే తమంతట తాముగా చోటిచ్చాయి. కానీ ఒకరు దయతో ఇచ్చినదానికీ, హక్కుగా వచ్చినదానికీ తేడా ఉంది కదా!

2012లో ఓ సమీక్షా సంఘం చేసిన సిఫార్సులే ఈ చట్టానికి పునాది. పాలక సభలో సిబ్బంది ఓటేసి ఎన్నుకున్నవారు ఇద్దరుండాలి. బోధనా సిబ్బంది యూనియన్ల నుంచి ఒకరు, బోధనేతర సిబ్బంది యూనియన్ల నుంచి ఒకరు రావాలి. విద్యార్థి ప్రతినిధులు మరో ఇద్దరు. అంతేనా... సభకు అధ్యక్షత వహించే బయటి వ్యక్తిని ఎన్నుకోవడంలోనూ సిబ్బందికీ, విద్యార్థులకూ ఓటుంది.

యూనివర్సిటీల అధిపతులు దీన్ని గట్టిగానే వ్యతిరేకించారు. 'మా సభలో ఎవరు కూర్చోవాలో ప్రభుత్వం చెబితే ఇక స్వయంప్రతిపత్తి ఏముంది?' అన్నది వాళ్ల వాదన. కొట్టిపారేయాల్సిన మాట కాదది. ఇంకో చిక్కూ ఉంది. యూనియన్ పంపిన మనిషి ఎవరి పక్షం? సభ్యుడయ్యాక సంస్థ మేలే చూడాలంటుంది చట్టం. జీతాల గొడవ వచ్చిన రోజున తోటి ఉద్యోగుల ముఖం చూడటం అంత తేలికేం కాదు.

జర్మనీలో ఈ పంచాయితీ ఏకంగా రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. 1960ల చివర్లో విద్యార్థి ఉద్యమాలు రేగాక, ప్రొఫెసర్లతో పాటు సహాయకులకూ, విద్యార్థులకూ, ఇతర సిబ్బందికీ యూనివర్సిటీ సభల్లో ఓట్లు వచ్చాయి. లోయర్ శాక్సనీ రాష్ట్ర చట్టాన్ని ప్రొఫెసర్లు సవాలు చేశారు. 1973 మే 29న తీర్పు వచ్చింది. నాలుగు వర్గాలూ సభలో కూర్చోవచ్చు. కానీ బోధన విషయాల్లో కనీసం సగం ఓట్లు ప్రొఫెసర్లవే కావాలి. పరిశోధన, ప్రొఫెసర్ల నియామకాల్లో సగానికి మించి ఉండాలి. అంటే అందరికీ కుర్చీ ఉంది, బరువు మాత్రం సమానం కాదు.

మరి మన దగ్గరో? 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు సెనేటు, సిండికేటు అనే బ్రిటిష్ కాలపు పద్ధతే వచ్చింది. వాటిలో ఎన్నికై వచ్చిన సభ్యులుండేవారు. ఉమ్మడి రాష్ట్రంలో 1991 విశ్వవిద్యాలయాల చట్టం ఆ ఏర్పాటును మార్చేసింది. సిండికేటు పోయి ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ వచ్చింది. అందులో అధ్యాపకులకు చోటుంది. అయితే ఆ చోట్లో ఎవరు కూర్చోవాలో తేల్చే పని ప్రభుత్వానికి అప్పగించారు. ఎన్నికలు పోతే క్యాంపస్‌లో రాజకీయాలు తగ్గుతాయన్న వాదన లేకపోలేదు. కానీ ఓటుతో వెళ్లినవాడు తిరిగొచ్చి తోటివాళ్లకు లెక్క చెప్పుకోవాలి. మరి నామినేషన్‌తో వెళ్లినవాడు ఎవరికి చెప్పుకోవాలి?

ఈసారి పరీక్ష తేదీ మారిందన్న వార్త చూస్తే ఒక్క క్షణం ఆగండి. ఆ తీర్మానం చేసిన గదిలో హాల్‌టిక్కెట్ల గుమస్తా తరఫున మాట్లాడినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?