సూట్‌కేసులో నగలా... వద్దు!

పెళ్లికని అమెరికా నుంచి ఊరొచ్చే కుటుంబాలు, అమ్మాయి పురిటికని ఇక్కణ్నుంచి వెళ్లే అమ్మలు... చాలామందిది ఒకటే ఆలోచన. చేతిసంచి అయితే ఎక్కడైనా మర్చిపోతాం, నగల డబ్బాని చీరల మడతల్లో పెట్టి సూట్‌కేసుకి తాళం వేస్తే నిశ్చింత అని. తీరా ఇంటికొచ్చి తెరిస్తే చీరలుంటాయి, నగలుండవు! 'కేసు వేస్తే మొత్తం కక్కిస్తారు' అంటారు బంధువులు. కేసు వేయొచ్చు. మొత్తం రావడమే కష్టం.

ఎందుకంటే... చాలా అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. మనదేశం 2009లో అందులో చేరింది. అప్పగించిన సామాను పోతే బాధ్యత విమాన సంస్థదే. కానీ పరిహారానికి హద్దుంది. అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే ఎస్‌డీఆర్ లెక్కలో, 2024 డిసెంబరు 28 నుంచి ఒక్కో ప్రయాణికుడికి 1,519. మన డబ్బుల్లో రెండు లక్షల రూపాయలకు కాస్త అటూ ఇటూ. పోయిన హారం పది లక్షలదైనా అంతే! దేశంలో తిరిగే విమానాల్లో అయితే హద్దు 20 వేలే. పైగా, నగలూ నగదూ చెకిన్ సామానులో పెట్టొద్దని టికెట్ నిబంధనల్లో మామూలుగా ఉంటుంది. విమాన సంస్థ లాయరు మొదట చూపించేది అదే.

హద్దు దాటడానికి దారులు రెండే. సామాను అప్పగించేటప్పుడే దాని విలువ ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కట్టడం ఒకటి. విమాన సంస్థో, ఉద్యోగంలో ఉన్న దాని సిబ్బందో కావాలని గానీ, నష్టం జరగొచ్చని తెలిసీ నిర్లక్ష్యంగా గానీ ఆ పని చేశారని రుజువు చేయడం రెండోది. ఆ రుజువు దొరకడం అంత తేలిక కాదు.

ఒకవేళ పోతే?

* విమానాశ్రయం దాటకముందే పెట్టె చూసుకోండి. తాళం కదిలినట్టుంటే విమాన సంస్థ కౌంటర్లో ఫిర్యాదు రాయించి నకలు తీసుకోండి. పెట్టె బరువు తూయించండి. ట్యాగు మీది బరువుతో తేడా ఉంటే అదో ఆధారం.
* దొంగతనం కాబట్టి పోలీసులకూ ఫిర్యాదు ఇవ్వండి.
* ఇంటికెళ్లాక తెలిస్తే, సామాను అందిన ఏడు రోజుల్లోగా విమాన సంస్థకు రాతపూర్వకంగా తెలపండి.
* నగల బిల్లులు, ఫొటోలు, బోర్డింగ్ పాస్, ట్యాగులు దాచండి.
* రెండేళ్లలోపు కేసు వేయాలి. మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. టికెట్ ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు.

ఇంత తిరిగినా వచ్చేది హారం కాదు, దాని ఖరీదులో కొంతే. అమ్మమ్మ ఇచ్చిన నగకైతే ఏ కమిషనూ ఖరీదు కట్టలేదు. అందుకే నగలు చేతిసంచిలోనే పెట్టుకోండి. లేదంటే బ్యాంకు లాకర్లో వదిలి వెళ్లండి!