చూరు కింద చుట్టాలు

కోతలయ్యాక నాలుగు వరి కంకులను జడలా అల్లి చూరుకు వేలాడదీయడం మన పల్లెల్లో పాత అలవాటు. కుచ్చు కట్టిన చేయి ఆ తర్వాత దాని సంగతే మరచిపోయేది. ఎన్ని పిచ్చుకలొచ్చాయో ఎవరూ లెక్కపెట్టలేదు. గింజలు రాలి ఉత్త గడ్డి మిగిలిన రోజున, వచ్చినవాళ్లు తిని వెళ్లారని తెలిసేది. అంతటితో సరి.

తెలంగాణలోని అశ్వారావుపేట చుట్టుపక్కల ఇప్పుడు ఆయిల్ పామ్, జీడిమామిడి తోటలదే రాజ్యం. కుచ్చు కట్టడానికి కంకులు కావాలంటే వరి పండించేవారిని అడిగి తెచ్చుకోవాలి. చూరున్న ఇళ్లూ తగ్గాయి. అయినా పిట్టలకు పెట్టే బుద్ధి పోలేదు. ప్రహరీ మీద మట్టి మూకుడులో నూకలు, పక్కన మరో మూకుడులో నీళ్లు, ఓరగా తీసిన కిటికీ వెనక ఫోనో కెమెరానో. పెట్టే చేతికి ఇప్పుడు చూసే కన్ను కూడా తోడైంది. మంచిదే. ఆ కన్నుకు కాస్త ఓపిక నేర్పాలి.

పెరటి ఫొటోకు వేల రూపాయల లెన్సు కన్నా ముందు చోటు కుదరాలి. మూకుడు కిటికీ ఎత్తున ఉంటే పిట్ట కన్నూ కెమెరా కన్నూ ఒకే మట్టానికి వస్తాయి. మూరెడు దూరంలో ఒక ఎండుకొమ్మ నిలబెడితే, వచ్చిన గోరింక తిండి మీద వాలేముందు దాని మీద ఆగి నాలుగు దిక్కులూ చూసుకుంటుంది. ఆ నాలుగు క్షణాలే ఫొటోవి. పొద్దుటి ఏటవాలు వెలుగులో, వెనకనున్న చెట్లు దూరంగా ఉంటే ఆకులన్నీ పచ్చటి పొగలా కరిగిపోతాయి. పిగిలిపిట్ట తోక కింది ఎరుపు అప్పుడే కళ్లకు కడుతుంది. పిట్ట తిండి మాని మనవైపే చూస్తోందంటే, మనం దగ్గరికొచ్చేశామని అర్థం. వెనక్కి జరగాల్సింది మనమే.

కొందరికి ఆ కాస్త ఆగడం కూడా కష్టమే. ఫోన్లో పిట్ట కూత మోగించి రప్పిస్తారు. మనకది పాట, ఆ పిట్టకు మాత్రం తన చోటులోకి మరొకడు చొరబడ్డాడన్న కబురు. గూటికి అడ్డమొచ్చిన ఆకులు తుంచితే ఫొటో బాగానే వస్తుంది. ఆ సందులోంచే ఎండా వస్తుంది, కాకీ వస్తుంది. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరి పొలిమేర దాకా నడిచినవాళ్లం మనం. నడిచే ఓపిక తగ్గాక దాన్ని పంజరంలో పెట్టి వీధి వీధికీ తెచ్చి చూపేవాళ్లు పుట్టుకొచ్చారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలా పట్టడం నేరం. నేరమన్న మాట అలా ఉంచి, కాళ్లు చేతులు కట్టేసి చేయించుకున్న దర్శనం శుభమెలా అవుతుంది?

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేసిన కాలంలో, పిట్టను కాల్చి చర్మం దాచడమే దాన్ని నమోదు చేసే పద్ధతి. పందొమ్మిదో శతాబ్దంలో భద్రాచలం, సిరోంచ వైపు కూడా కనిపించిన కలివికోడి అనే అరుదైన పిట్ట ఆ తర్వాత ఎక్కడా జాడ లేకుండా పోయి, 1986లో కడప జిల్లా లంకమల అడవి అంచున మళ్లీ దొరికింది. చేతికి చిక్కిన ఆ ఒక్క పిట్టా ఎక్కువ రోజులు బతకలేదు. ఆ తర్వాత పరిశోధకులు దారి మార్చారు. పొదల మధ్య మెత్తటి మట్టి పరచి పాదముద్రల కోసం చూశారు. ఎవరూ లేకుండానే ఫొటో తీసే కెమెరాలు అమర్చి తాము పక్కకు తప్పుకున్నారు. పెరటి కెమెరాకు ఇంతకన్నా మంచి పాఠం లేదు.

అశ్వారావుపేట రెండు రాష్ట్రాల సరిహద్దు. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. జామచెట్టు ఉంటే చిలుక పిలవకుండానే వస్తుంది. పాలపిట్ట మాత్రం నూకలకు లొంగదు. కరెంటు తీగ మీద కూర్చుని మిడతల కోసం, పురుగుల కోసం నేలను గాలిస్తుంది. మందులు కొట్టి పురుగన్నదే లేకుండా చేసిన చోట దానికి విస్తరి లేనట్టే. పిచ్చుకదీ దాదాపు అదే కథ. పెద్ద పిచ్చుక గింజలతో నెట్టుకొస్తుంది గానీ, గూట్లో పిల్ల ఎదగాలంటే మెత్తటి పురుగులే కావాలి. మూకుడు నిండా నూకలు పోసి, పక్కనే పాదుకు పురుగుమందు కొడితే తల్లికి అన్నం పెట్టి బిడ్డను పస్తుంచినట్టే.

కనుక మూకుడు ఉండాలి. రోజూ కడగాలి, బూజు పట్టిన నూకలు పారబోయాలి, వేసవిలో నీళ్లు మరవకూడదు. అయితే పిట్టలకు పెట్టే విస్తరి మూకుడంత చిన్నది కాదు, పెరడంత పెద్దది. అందులో కాస్త చెత్త, కాస్త గడ్డి, కాస్త పురుగు ఉండనివ్వాలి.

ఒకరోజు ఎండుకొమ్మ మీద పిచ్చుక వాలుతుంది. ముక్కున పచ్చటి పురుగు, చూపు గోడ కన్నంలోని గూటివైపు. ఫొటో తీసుకోవచ్చు. అందులో మనం పోసిన గింజ ఒక్కటీ ఉండదు. మందు కొట్టకుండా వదిలేసిన చిక్కుడుపాదు మాత్రం వెనకాల పచ్చగా ఉంటుంది.