డబ్బాలోని బలము

మన పట్టణములలో ఇప్పుడు వ్యాయామశాల లేని పేట అరుదు. తెల్లవాఱకమునుపే యువకులు అచ్చటికి పోవుచున్నారు; ఇనుము నెత్తుచున్నారు; చెమట నోడ్చుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. చదువునకును దేహబలమునకును పొత్తు కుదరదని తలంచి, దండీలు, బస్కీలు, కఱ్ఱసాము మొరటువారి పనియని విడిచిన తరము మనలో నుండెను. ఆ దురభిప్రాయము తొలగుచున్నందులకు మేము హర్షించుచున్నాము. కాని వ్యాయామశాలలో ఇనుపగుండ్ల ప్రక్కనే బల్లమీద నొక పెద్ద డబ్బా గూడ కానవచ్చుచున్నది. అందలి పొడిని పాలలోనో నీళ్లలోనో కలిపి త్రాగినగాని కండ పెరుగదని నేర్పువాడు చెప్పుచున్నాడు. పెక్కుచోట్ల నేర్పువాడే దానిని విక్రయించుచున్నాడు. గురువును వర్తకుడును ఒక్కడే యైనచోట శిష్యుని సంచి యేమగునో పాఠకులకు వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ఈ పొడులన్నియు విషములని పెద్దలును, అమృతమని కుఱ్ఱవాండ్రును వాదించుచున్నారు. రెండును సత్యము గావు. వీనిలో ముఖ్యమైనది వే ప్రోటీన్. పాలను విఱిచి చీజు చేయునపుడు మిగులు తేటనుండి తీసి యెండబెట్టిన పొడియే యిది. అనగా ఆహారమే గాని ఔషధము గాదు. డబ్బాతో వచ్చు గరిటెడు పొడిలో సాధారణముగ 24 గ్రాముల మాంసకృత్తు లుండునని చీటిపై వ్రాయుదురు. రెండవది క్రియాటిన్. దీనిని మన దేహమే కొంత చేసికొనును. మాంసమునందును చేపలందును గలదు. దినమునకు 3 మొదలు 5 గ్రాములు తీసికొని వ్యాయామము చేయువారికి బరువు లెత్తుటయందు కొంత శక్తి హెచ్చునని పెక్కు పరిశోధనలలో తేలినది. శాకాహారుల కండరములలో దీని నిలువ తక్కువ. మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యు నడుగక దీని జోలికి పోరాదు. మూడవది వ్యాయామమునకు ముందు త్రాగెడు ఉత్తేజకము. ఒక్కొక్క గరిటెలో రెండు మూడు కప్పుల కాఫీకి సరిపడు కెఫీన్ ఉండుట కలదు. దీనిని గుఱించి ఇంతకంటె వ్రాయుట కాగితము దండుగ.

అయితే పొడి యేమిటో తెలిసినంత మాత్రమున డబ్బాలో నున్నదేమో తెలిసినట్లు గాదు. 2024లో ‘మెడిసిన్’ అను వైద్యపత్రికయందు వెలువడిన యొక పరిశోధనలో మన దేశమున అమ్ముడుపోవు 36 ప్రోటీన్ పొడులను పరీక్షించిరి. వానిలో దాదాపు 70 శాతమునకు చీటిమీది లెక్కకును లోని సరకునకును పొందిక లేకపోయెను. కొన్నింటిలో బూజు వలన పుట్టు అఫ్లటాక్సిన్ అను విషమును, కొన్నింటిలో పురుగుమందుల శేషమును బయటపడెను. ధాన్యపు కాటాలో రెండు కిలోలు తేడా వచ్చినచో బస్తా దింపించి మరల తూయించు మన రైతు, కుమారుడు వేలు పోసి తెచ్చిన డబ్బా విషయమున నోరు మెదపడు! 2006 నాటి ఆహార భద్రతా చట్టము గలదు. దానిని నడుపుటకు అధికారులును గలరు. వారు మిఠాయి దుకాణములపై చూపు శ్రద్ధలో కొంత వ్యాయామశాలల బల్లలపై చూపవలదా?

దీనికంటె ఘోరమైనది మఱొకటి గలదు. పొడితో ఫలము కనబడనపుడు కొన్నిచోట్ల చాటుగ సూది చూపుదురు. అవి పురుషహార్మోను జాతికి చెందిన స్టెరాయిడ్లు; వైద్యుని చీటి లేక అమ్మరానివి. కండ త్వరలో ఉబ్బుట నిజమే. కాని సంతానశక్తి క్షీణించుట, గుండె కండరము మందమగుట, మాత్రల రూపమున మ్రింగినచో కాలేయము చెడుట గూడ నిజమే. పాతికేండ్ల బిడ్డను పోగొట్టుకొనునంతవఱకు ఆ ఇంట ఈ మాట తెలియదు.

ఇక భోజనము మాట. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహారసూత్రములలో కండకొఱకై ప్రోటీన్ పొడులను వాడవలదని సలహా యిచ్చినది. ఆ సలహా మంచిదే. కాని అది సగము మాత్రమే. పొడి మానినవాడు ఏమి తినవలయును? 60 కిలోల మనుష్యునకు సాధారణముగ దినమునకు 50 గ్రాముల మాంసకృత్తులు చాలును. బరువులెత్తి కండ పెంచుకొనగోరువానికి 72 మొదలు 96 గ్రాములు కావలసియుండును. 300 గ్రాముల బియ్యములో 24, నూఱు గ్రాముల కందిపప్పులో 22, అరలీటరు పాలు పెరుగులలో 16, రెండు గ్రుడ్లలో 12, ఏబది గ్రాముల వేరుసెనగలలో 12: వెరసి 86. గ్రుడ్లు ముట్టనివారికి సైతము 74. లెక్క సరిపోయినది. కాని మన విస్తళ్లలో నూఱు గ్రాముల పప్పు పడుచున్నదా? ఇంటిల్లిపాదికి ఒక కప్పు పప్పు వేసి, అందులో నీరు చింతపండు కలిపి పప్పుచారని పేరు పెట్టి, మిగిలినదంతయు అన్నముతో నింపుచున్నాము. ఉలవలు ఎడ్లకు పెట్టితిమి. అవియు మాంసకృత్తులలో కందిపప్పునకు తీసిపోవు. అరువదేండ్ల యవ్వకు పండ్లు లేవని మజ్జిగ యన్నముతో సరిపుచ్చుచున్నాము. డబ్బా కొనుటకు ముందు వంటింటి కుండను చూడుడని మేము కోరుట ఇందులకే. రెండు పూటలును చూచినపిమ్మట గూడ కొఱతయే కానవచ్చినచో, వృద్ధులకో రోగమునుండి లేచినవారికో, గరిటెడు పొడి వాడుటయందు తప్పు లేదు.

భోజనమైనను వ్యాయామము లేనిదే కండగా మాఱదు. కోడి రామమూర్తినాయుడుగారి పేరు వినని తెలుగువాడు లేడు. 1882లో వీరఘట్టమున పుట్టి, ఏనుగును రొమ్ముపై నెక్కించుకొని దేశదేశముల మెప్పు పొంది, 1942లో గతించిన ఆ మహాబలునకు ఈ డబ్బాలు తెలియవు. అట్టి దేహము కోటి కొక్కటి యగుటచే ఆయనను చూపి పొడుల నాక్షేపించుట న్యాయము గాదు. మేము చూపదలచినది వేఱొకటి: ఆయన విజయనగరమున పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడుగ నుండెను. శిక్క­ోలు సీమలోనే పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సునందు మొత్తము 240 కిలోలెత్తి కంచుపతకము తెచ్చినది. బలము పురుషుల సొత్తని యనువారికి ఆ యంకె చాలును.

మన పాఠకులలో పెక్కుమంది నలువది దాటినవారు. పొలము యంత్రము దున్నుచున్నది. బస్తా కూలివాడు మోయుచున్నాడు. ప్రొద్దున నడచుచున్నాము గదా యని వారు తృప్తి పడుచున్నారు. నడక గుండెకు మేలు, కండకు చాలదు. ముప్పది దాటిన పిమ్మట వాడని కండ పదేండ్లకు నూటికి 3 మొదలు 8 పాళ్లు తఱుగును. అరువది దాటిన నింకను త్వరగ పోవును. భోజనానంతరము రక్తములోని చక్కెరను అధికముగ గ్రహించునది కండరమే గనుక, అది తఱిగినచో మధుమేహమునకు దారి సుగమమగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో నడకవంటి శ్రమ వారమునకు 150 నిమిషములును, దానికి తోడు కనీసము రెండు దినములు కండరబలమునకై వ్యాయామమును విధించినది. ఇందులకు కాసు ఖర్చు లేదు. చేతు లానింపక కుర్చీనుండి లేచి కూర్చుండుట, గోడకు, తరువాత బల్లకు, తుదకు నేలకు చేతులానించి దండీలు తీయుట, మునివేళ్లపై లేచుట, రెండు చేతుల నీళ్ల బిందెలు పట్టి ముంగిట నటునిటు నడచుట. ఒక్కొక్కటి 8 మొదలు 12 మార్లు, రెండు మూడు విడతలు. సులభమైనపుడు కొంచెము బరువు హెచ్చింపవలయును. ఊపిరి బిగబట్టరాదు. గుండెజబ్బు గలవారు వైద్యుని సలహా పొందవలయును. మొదటి రెండు మాసములు అద్దములో మార్పు కనబడకపోవచ్చును. నరములు పని నేర్చుకొనుచుండును. డబ్బా వర్తకునకు గిరాకి దొరకుట ఈ రెండు మాసములలోనే.

పురపాలక సంఘములు ఉద్యానవనములలో ఇనుపయంత్రములు నిలిపినవి. నేర్పువాడు లేక పెక్కింటిపై పిల్లలు ఉయ్యెల లూగుచున్నారు. యంత్రములకు వెచ్చించు ధనములో కొంత తీసి, వనమున కొక్క శిక్షితుడగు ఉపాధ్యాయుని నియమించి, ఉదయమున ఒక గంట వృద్ధులకును సాయంకాలమున ఒక గంట స్త్రీలకును కేటాయింపవలయును. ఆ యుపాధ్యాయుడు ఏ పొడియు అమ్మరాదని నియామకపత్రముననే వ్రాయవలయును. ఆహార భద్రతాధికారులు ప్రతి జిల్లాలోను డబ్బాల నమూనాలు తీసి, పరీక్షాఫలితములను సరకు పేరుతో సహా పత్రికలకు పంపవలయును. పంపినచో ప్రకటించుటకు మేము సిద్ధము.